టాంగా నుంచి చాంబేషి దాకా

డార్ ఎస్ సలామ్ నడిబొడ్డున సమోరా అవెన్యూలో ఒక కూడలి ఉంది. మధ్యలో ఎత్తైన దిమ్మె మీద కంచు సిపాయి. తుపాకీకి బాయొనెట్ బిగించి, ఒక కాలు ముందుకేసి, హార్బరు వైపు గురిపెట్టి ఉంటాడు. చుట్టూ బజాజీలు హారన్లు కొట్టుకుంటూ తిరుగుతుంటాయి. అచ్చంగా మన ఆటోలే, కంపెనీ పేరే బండి పేరైపోయింది. ఆ సిపాయి ముఖం వైపు తలెత్తి చూసినవాడు, నేను నిలబడిన అరగంటలో, ఒక్కడూ లేడు.

1927లో బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన ఆస్కారీ విగ్రహం ఇది. ఆస్కారీ అంటే ఇక్కడ సిపాయి. అంతకుముందు ఇదే చోట వైస్‌మాన్ అనే జర్మన్ గవర్నర్ విగ్రహం ఉండేది. 1916లో ఊరు బ్రిటిష్‌వాళ్ళ చేతికి రాగానే దాన్ని పీకి ఓడెక్కించారు. చివరికది హాంబర్గ్ విశ్వవిద్యాలయం ముందుకు చేరింది. 1960ల చివర్లో అక్కడి విద్యార్థులు తాళ్ళు కట్టి లాగి పడేశారు. ఇక్కడి ఆస్కారీని మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఎవరూ కదపలేదు. దిమ్మె మీద ఇంగ్లీషు, స్వాహిలి, అరబ్బీ భాషల్లో ఉన్న మాటలు కిప్లింగ్ రాసినవి. పోరాడిన సిపాయిలతో పాటు, సైన్యానికి కాళ్ళూ చేతులూ అయిన మోత కూలీలనూ అందులో తలుచుకున్నాడు. అంతవరకూ మర్యాదే. విగ్రహం మాత్రం సిపాయిదే.

నేనక్కడికి వెళ్ళింది ఈ సిపాయిలు పోరాడిన యుద్ధాన్ని అవతలి పక్క నుంచి నడిపించిన మనిషి కోసం. పేరు పాల్ ఫాన్ లెట్టో-ఫోర్బెక్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ తూర్పు ఆఫ్రికాకు సేనాపతి. ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం, రువాండా, బురుండి కలిస్తే అప్పటి ఆ వలస రాజ్యం. నాలుగేళ్ళు యుద్ధం చేసి, జర్మనీ యూరప్‌లో సంతకం పెట్టేదాకా లొంగనివాడు. యుద్ధ చరిత్రల్లో ఆయన పేరు వచ్చినప్పుడల్లా 'ఓటమి ఎరుగని' అన్న విశేషణం తోకలా వెంటే వస్తుంది. చదివి చదివి నాకూ నోటికొచ్చేసింది. ఆయన నడిచిన దారిలో కొంతైనా చూస్తే ఆ విశేషణం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది కదా అనిపించింది.

డార్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఇది బొత్తిగా మింగుడుపడలేదు. "అందరూ సెరెంగెటీలో సింహాల్ని చూడ్డానికొస్తారు మామయ్యా, నువ్వేంటి సమాధులు చూస్తానంటావు?" అన్నాడు. అంటూనే సాయంత్రం కరియాకూ మార్కెట్‌కి తీసుకెళ్ళాడు. పెసలు, ఎండుచేపలు, లవంగాల బస్తాలు, ప్లాస్టిక్ బిందెలు, చైనా చెప్పులు. బస్తా భుజాన వేసుకుని మనుషుల మధ్యలోంచి అరుచుకుంటూ పరిగెత్తే హమాలీలు. విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చూసినవాళ్ళకి కొత్తేం కాదు. ఈ పేటకి ఆ పేరు రావడానికి కారణం, యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యపు 'కారియర్ కోర్' మకాం ఇక్కడ ఉండడం. సామాన్లు మొయ్యడానికి పల్లెల నుంచి పట్టుకొచ్చిన కూలీలను ఉంచిన చోటు ఇది. మేనల్లుడు నాలుగేళ్ళుగా ఇక్కడే కూరగాయలు కొంటున్నాడు, ఈ సంగతి తెలియదు. నాకూ పుస్తకాల్లో చూసేదాకా తెలియదులెండి.

టాంగాకు బస్సులో వెళ్ళాను. చలింజె దాటి, సెగెరా దగ్గర మోషి దారి వదిలి కుడివైపు తిరిగితే మూహెజా వస్తుంది. అక్కడ బస్సు ఆగిందో లేదో కిటికీల కింద నారింజ పళ్ళ బుట్టలు లేస్తాయి. ఆ తరవాత రోడ్డుకు రెండు పక్కలా సిసల్ తోటలు. మన కలబందను కత్తుల కట్టలా నిలబెట్టినట్టుండే మొక్క, వరసలు తప్పకుండా కొండ మొదలు దాకా. ఆకు చీల్చి నార తీసి తాళ్ళు పేనుతారు. 1893లో హిండోర్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అమెరికా నుంచి తెప్పించిన మొక్కలతో ఈ పంట ఇక్కడ మొదలైంది. అదే ఏడాది టాంగా నుంచి లోపలికి రైలు పట్టాలు వెయ్యడం మొదలుపెట్టారు. పట్టాలు మోషి చేరడానికి సుమారు 20 ఏళ్ళు పట్టింది. ఈ రైలు గురించి ఎందుకు చెబుతున్నానంటే, అది లేకపోతే టాంగా యుద్ధంలో లెట్టో గెలిచేవాడు కాదు.

టాంగా నెమ్మదైన ఊరు. వెడల్పాటి వీధులు, వాటికి రెండు పక్కలా పెద్ద చెట్లు, జర్మన్‌వాళ్ళ కాలం నాటి ఎర్ర పెంకుల కప్పులు. ఎక్కడ చూసినా సైకిళ్ళు. ఆడా మగా, పాఠశాల పిల్లలూ, తలపాగా చుట్టుకున్న ముసలివాళ్ళూ, అందరూ సైకిళ్ళ మీదే. నేనూ ఒకటి అద్దెకు తీసుకున్నాను. దానికో కారణముంది. 1914 నవంబరు 3 అర్ధరాత్రి లెట్టో-ఫోర్బెక్ ఈ ఊళ్ళో తిరిగింది సైకిల్ మీదే.

ఆ కథ వివరంగా చెప్పుకోవాలి. యుద్ధం మొదలైన రెండున్నర నెలలకి, అక్టోబరు 16న, బొంబాయి నుంచి ఓడల బారు ఒకటి బయల్దేరింది. సుమారు 8,000 మంది. సేనాపతి మేజర్ జనరల్ ఐట్కెన్. ఇంగ్లీషు పటాలం ఒక్కటే, మిగతావాళ్ళంతా మనవాళ్ళే. 13వ రాజ్‌పుత్‌లు, 101వ గ్రెనేడియర్లు, 98వ ఇన్‌ఫెంట్రీ, కాశ్మీర్ రైఫిల్స్, మద్రాసు సైన్యం నుంచి 61వ పయొనీర్లు, 63వ పాలమ్‌కొట్ట లైట్ ఇన్‌ఫెంట్రీ. చాలామంది ఒకరి పక్కన ఒకరు ఎప్పుడూ పోరాడినవాళ్ళు కారు. కొన్ని పటాలాలకు కొత్త తుపాకులు బయల్దేరే ముందే చేతికిచ్చారు. రెండు వారాలు ఓడలో కిక్కిరిసి, వాంతులతో నీరసించి వచ్చారు. ముందు మొంబాసాలో దింపి కాస్త ఊపిరి తీసుకోనిద్దామంటే ఐట్కెన్ వద్దన్నాడు. ఆ నేల ఎరిగిన స్థానిక ఆఫ్రికన్ పటాలం సాయం చేస్తామంటే అదీ వద్దన్నాడు. నల్లవాళ్ళ సైన్యం ఎంతలే అన్న ధీమా.

నవంబరు 2న 'ఫాక్స్' అనే యుద్ధ నౌక ముందుగా వచ్చి, లొంగిపోతారా లేదా అని జర్మన్ అధికారిని అడిగి, గడువిచ్చి, తిరిగి వెళ్ళింది. ఇంతకంటే గొప్ప హెచ్చరిక ఇంకేముంటుంది? అటు మోషిలో ఉన్న లెట్టో తన కంపెనీలను రైలెక్కించాడు. ఇటు ఐట్కెన్ ఊరికి తూర్పున రాస్ కసోనే అనే కొమ్ము దగ్గర రాత్రిపూట మనుషుల్ని దింపాడు. 3వ తేదీ పొద్దున్న తొందరపడి ముందుకు నడిపిన రాజ్‌పుత్‌లూ పయొనీర్లూ చావుదెబ్బ తిని వెనక్కొచ్చారు. ఆ రాత్రి లెట్టో ఊళ్ళో దిగి, సైకిలెక్కి, చీకట్లో ఖాళీ వీధుల్లో తిరిగి, తీరం దాకా పోయి ఓడల దీపాలు చూసుకున్నాడు. శత్రువెంతో, తనదెంతో అక్కడే లెక్క వేసుకున్నాడు. తన దగ్గరున్నది సుమారు వెయ్యి మంది.

రాస్ కసోనే రోడ్డు మీద నేను సైకిలు తొక్కుకుంటూ పోయాను. ఇప్పుడక్కడ చెట్ల మధ్య బంగళాలు, బోంబో ఆసుపత్రి. సముద్రం వైపు నేల తెగిపడినట్టుంటుంది, కింద మడ చెట్లు. ఆ గట్టు ఎక్కి పైకి రావడమే ఒక పని. పైకొస్తే అప్పట్లో రబ్బరు తోటలూ తుప్పలూ, పది గజాల అవతల మనిషి కనపడని పచ్చదనం. ఊరికీ తోటలకూ మధ్య రైలు పట్టాల కోసం తవ్విన లోతైన కాలువ. దాని ఒడ్డున మెషిన్‌గన్లు. 4వ తేదీ మధ్యాహ్నం మండుటెండలో ఐట్కెన్ అందరినీ ఒకేసారి ముందుకు నడిపించాడు. ఇంగ్లీషు పటాలమూ, కాశ్మీర్ రైఫిల్సూ, అందులోని గూర్ఖాలూ వీధుల్లోకి చొచ్చుకెళ్ళారు. ఎడమ పక్కన గ్రెనేడియర్లు కుప్పకూలారు. మధ్యలో పాలమ్‌కొట్ట సిపాయిలు చెదిరిపోయారు.

ఇక తేనెటీగలు. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని 'తేనెటీగల యుద్ధం' చేసేశాయి. ఊరివాళ్ళు చెట్లకు దుంగ తొట్లు కట్టి తేనె పట్టేవారు. తూటాలు తగిలి అవి రేగి, దొరికినవాణ్ణల్లా కుట్టాయి. జర్మన్‌వాళ్ళనీ వదల్లేదు, 98వ ఇన్‌ఫెంట్రీకి మాత్రం గట్టిగా తగిలాయి. జర్మన్‌వాళ్ళే కావాలని తీగలు కట్టి తేనెటీగలను వదిలారని లండన్ పత్రికల్లో పుకారు కూడా పుట్టింది. ఓడినవాడికి సాకు కావాలి కదా. అసలు కారణం ఐట్కెన్, రెండో కారణం రైలు, మూడో కారణం లెట్టో. చివరి గంటలో ఎడమ పక్కన శత్రువు బలహీనంగా ఉన్నాడని పసిగట్టి, మిగిలిన మనుషుల్ని చుట్టు తిప్పి కొట్టించాడు. అది ఆయన తెలివే, కాదనను.

5వ తేదీ బ్రిటిష్ సైన్యం ఓడలెక్కి వెళ్ళిపోయింది. వాళ్ళలో 800 మందికి పైగా చచ్చిపోవడమో గాయపడడమో అయింది. జర్మన్ల వైపు 150 మంది దాకా. తీరం మీద వదిలేసిపోయినవి 8 మెషిన్‌గన్లు, 455 తుపాకులు, లక్షల తూటాలు. పాత మసి తుపాకులు పట్టుకుని తిరుగుతున్న జర్మన్ పటాలాలకి అది పెళ్ళివారి చదివింపుల్లా దొరికింది. ఐట్కెన్‌కు మళ్ళీ యుద్ధరంగంలో సైన్యాన్ని అప్పగించలేదు.

టాంగాలో ఈ యుద్ధంలో చనిపోయిన మనవాళ్ళకి ఒక స్మారకం ఉంది. గోడ కట్టిన చిన్న ఆవరణ, కోసిన గడ్డి, రాళ్ళ మీద పటాలాల పేర్లు. తాళం తీసి పెట్టిన పెద్దాయన్ని అందరూ 'మ్జే' అని పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటారా అని అడిగితే ఆయన సూటిగా జవాబు చెప్పకుండా నవ్వి, నీళ్ళ పైపు పక్కకి లాగాడు. పాలమ్‌కొట్ట అన్న మాట రాతి మీద చూడగానే ఒక క్షణం కాళ్ళు ఆగాయి. అది తిరునల్వేలి పక్క ఊరు. అప్పట్లో తిరునల్వేలీ గుంటూరూ ఒకే మద్రాసు రాజధాని కింద ఉండేవి.

యుద్ధంలో పోయినవాళ్ళకి, హోదాతో జాతితో పని లేకుండా, అందరికీ ఒకే మర్యాద అన్నది 1917లో పుట్టిన బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ సమాధుల సంస్థ పెట్టుకున్న నియమం. తూర్పు ఆఫ్రికాలో దాన్ని పాటించలేదని ఆ సంస్థే 2021లో ఒప్పుకుంది. తెల్లవాడికి రాయి, పేరు. నల్లవాడి పేరు రిజిస్టరులో ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ నివేదిక ప్రకారం ప్రధానంగా తూర్పు ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు కలిపి కనీసం 1,16,000 మందికి పేరుపేరునా గుర్తింపు దక్కలేదు. ఆ లెక్క 3,50,000 దాకా పోవచ్చు. పార్లమెంటులో రక్షణ మంత్రి క్షమాపణ చెప్పాడు. ఆ లెక్కలో పెద్ద భాగం సిపాయిలు కారు, మోత కూలీలు.

ఆ రాత్రి టాంగాలో సముద్రపు గాలికి కూచుని లెట్టో పూర్వ చరిత్ర మళ్ళీ తిరగేశాను. 1870లో జార్లూయిస్‌లో పుట్టాడు, ఫ్రాన్సు సరిహద్దున. తండ్రీ సైన్యంలోనే. 1900లో బాక్సర్ తిరుగుబాటును అణచడానికి చైనా వెళ్ళాడు. 1904లో నైరుతి ఆఫ్రికా, అంటే ఇప్పటి నమీబియా. అక్కడ జనరల్ ట్రోథా కొలువులో అడ్జుటెంట్. ఆ అక్టోబరులోనే ట్రోథా హెరెరో జాతిని నిర్మూలించమని ఆజ్ఞ జారీ చేశాడు. మనుషుల్ని నీళ్ళు లేని ఎడారిలోకి తరిమి, తిరిగొస్తే కాల్చారు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి జాతి నిర్మూలన అదేనని ఇవాళ చరిత్రకారులంటారు. జర్మనీ ప్రభుత్వమూ 2021లో జాతి నిర్మూలన అన్న మాటను ఒప్పుకుంది. ఆ ఆజ్ఞ ఈయన రాసింది కాదు. కానీ పొదల్లో పోరాడడం, తక్కువ మందితో ఎక్కువ మందిని తిప్పలు పెట్టడం ఈయన నేర్చుకున్నది ఆ నేల మీదే, నామా అనే మరో జాతి వీరుల చేతిలో దెబ్బలు తిని. 1906లో అక్కడే ఎడమ కన్ను పాడైంది. 1913 చివర్లో తూర్పు ఆఫ్రికాకి బయల్దేరిన ఓడలో కారెన్ బ్లిక్సెన్ తోటి ప్రయాణికురాలు. తరవాత కెన్యాలో కాఫీ తోట పెట్టి ప్రసిద్ధ రచయిత్రి అయిన ఆవిడే. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆయన సరదా మనిషి అని చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలామంది వాడుకున్నారు.

డార్‌కి తిరిగొచ్చి జాంబియా రైలెక్కాను. టాజారా రైలు మార్గం 1970ల్లో చైనావాళ్ళు వేసి పెట్టింది, 1,860 కిలోమీటర్లు. డార్ దాటిన కొన్ని గంటలకే ఇది వన్యమృగ రక్షిత ప్రాంతంలోంచి పోతుంది. కిటికీలోంచి జిరాఫీలూ ఏనుగులూ కనిపించినప్పుడు పెట్టెలో పిల్లలు కేకలు పెట్టారు. కొందరు పెద్దలు నిద్రలోంచి లేవనేలేదు. నాకు ఆసక్తి రేపింది మృగాలు కాదు, ఆ మధ్యలో ఊళ్ళు లేకపోవడం. ఒక పక్క కిలొంబెరో లోయ పచ్చగా, నీళ్ళతో కళకళలాడుతూ ఉంటుంది. మరో పక్క మైళ్ళకు మైళ్ళు అడవే. యుద్ధం నడిచింది ఈ చుట్టుపక్కలే.

లెట్టో వ్యూహం సూక్ష్మంగా చెప్పాలంటే ఇంతే. ఆఫ్రికాలో ఏం జరిగినా యుద్ధం ఫలితం ఫ్రాన్సులోనే తేలుతుంది. కాబట్టి ఇక్కడ భూమి పట్టుకు కూచోనక్కర్లేదు, ఊళ్ళు కాపాడనక్కర్లేదు. బ్రిటిష్ సైన్యాన్ని ఎంత ఎక్కువగా ఇక్కడికి లాగితే అంత లాభం. గవర్నర్ ష్నే మొదట యుద్ధమే వద్దన్నాడు. లెట్టో ఆయన మాట వినలేదు. 1915 జనవరిలో జాసిన్‌లో గెలిచాక, ఆ గెలుపుకు ఖర్చయిన తూటాలూ పోయిన అధికారులూ చూసుకుని, ఇక ఇలాంటి ఎదురుబొదురు యుద్ధాలు అరుదుగానే చెయ్యాలని తీర్మానించుకున్నాడు. 1916లో దక్షిణాఫ్రికా నుంచి స్మట్స్ పెద్ద సైన్యంతో వచ్చాడు. లెట్టో వెనక్కి తగ్గుతూ, మలుపు దగ్గర కాపు కాసి కొడుతూ, మళ్ళీ మాయమవుతూ దక్షిణానికి జరిగాడు. అతని బలం ఎక్కువున్నప్పుడు 15,000 మంది లోపు. ఎదురుగా విడతలవారీగా దించిన సైనికులు లక్షకు పైగా.

చిన్న చిన్న సంగతుల్లో ఆయన పక్షాన నిజంగా ఆశ్చర్యపరిచేవి ఉన్నాయి. రుఫీజీ నది పాయల్లో దాక్కున్న 'కోనిగ్స్‌బెర్గ్' యుద్ధ నౌకను 1915 జూలైలో బ్రిటిష్‌వాళ్ళు ధ్వంసం చేస్తే, దాని 10 పెద్ద ఫిరంగుల్ని నీళ్ళలోంచి ఎత్తి, చక్రాలు తగిలించి, అడవుల్లోంచి ఈడ్పించాడు. మందులు రాకపోతే ఉసంబరా కొండల్లోని అమానీ పరిశోధనా కేంద్రంలో సింకోనా బెరడు ఉడికించి క్వినైన్ కషాయం చేయించాడు. తాగినవాళ్ళు దానికి 'లెట్టో సారా' అని పేరు పెట్టారంటే రుచి ఊహించుకోండి. చర్మాలతో బూట్లు కుట్టించాడు. స్వాహిలి మాట్లాడేవాడు. 1917 అక్టోబరులో మహివా దగ్గర నాలుగు రోజుల పోరులో శత్రువుకు 2,000 మందికి పైగా నష్టం తెచ్చాడు. ఆ పోరు తరవాత మాత్రం తన దగ్గర నిలబడ్డానికి బలం లేక, రువూమా నది దాటి పోర్చుగీసు మొజాంబిక్‌లోకి పోయాడు. పది నెలల పాటు అక్కడి పోర్చుగీసు ఠాణాల మీద పడి దొరికిన తుపాకులతోనే యుద్ధం నడిపాడు.

ఫిరంగుల్ని 'ఈడ్పించాడు' అన్నాను. ఈడ్చినవాళ్ళెవరు? ఈ యుద్ధమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. త్సెత్సె ఈగ కుట్టి గుర్రాలూ కంచరగాడిదలూ వేల సంఖ్యలో చచ్చేవి. రోడ్లు లేవు, వానాకాలంలో లారీలు దిగబడేవి. మిగిలింది మనిషి నెత్తి ఒక్కటే. లెక్క వేసి చూడండి. ఒక కూలీ మోత సుమారు 25 కిలోలు. అతను రోజుకు కిలో పిండి తింటాడు. 12 రోజుల దారి పోయి 12 రోజుల దారి తిరిగి రావాలంటే, మోసిన బస్తా దాదాపు అతని కడుపుకే సరి. సిపాయి దాకా చేరేది పిడికెడు. అందుకని ఆ కూలీకి అన్నం మొయ్యడానికి ఇంకో కూలీ, అతనికి ఇంకొకడు. దారి పొడుగయ్యే కొద్దీ మనుషులు వేల నుంచి లక్షలయ్యారు. బ్రిటిష్ పక్షానికి మోసినవాళ్ళు మొత్తం యుద్ధంలో పది లక్షల దాకా ఉంటారని అంచనా. అందులో చనిపోయినవాళ్ళు దాదాపు లక్ష. తూటాలకు కాదు. విరోచనాలు, మలేరియా, న్యుమోనియా. సరిగా ఉడకని మొక్కజొన్న పిండి, కప్పుకోను దుప్పటి లేకుండా కొండల మీద చలి. లెట్టో పక్షానా ఇదే వరస. పారిపోకుండా కొన్నిచోట్ల మెడలకు తాళ్ళు కట్టి నడిపించారు. ఎందరు పోయారో రాసి పెట్టినవాడు లేడు.

కూలీల తరవాత రైతులు. వెనక్కి తగ్గే సైన్యం ఊరిలోని జొన్నలూ మేకలూ ఊడ్చుకుపోతుంది. వెంట వచ్చే సైన్యం మిగిలినవి ఊడ్చుకుపోతుంది. మగవాళ్ళను మోతకి పట్టుకుపోతే విత్తేవాడుండడు. ఆ పైన వానలు లేవు. ఆ పైన 1918 ఇన్‌ఫ్లుయెంజా. ఇప్పటి రాజధాని డొడొమా చుట్టూ ఉన్న గోగో జనంలో అయిదోవంతు ఆ కరువులో పోయారని చరిత్రకారులు లెక్కగట్టారు. దక్షిణాన 1905-07 మాజీ మాజీ తిరుగుబాటును జర్మన్లు పంటలు తగలబెట్టి అణచినప్పుడే ఒకసారి పల్లెలు ఖాళీ అయ్యాయి, కోలుకునేలోగా ఇది. రైలు కిటికీ అవతల అడవి చూసి మురిసిపోయే ప్రయాణికులకి ఈ సంగతులు ఎవరూ చెప్పరు.

జాంబియాలోని కసామాలో దిగాను. మొపిక వైపు వెళ్ళే రోడ్డులో చాంబేషి నది మీద వంతెన, దాని ఉత్తరపు ఒడ్డున చిన్న స్మారకం, ఒక పాత ఫిరంగి. 1918 నవంబరు 14 ఉదయం ఇక్కడే క్రోడ్ అనే బ్రిటిష్ మేజిస్ట్రేట్ లెట్టోకి యూరప్‌లో యుద్ధం ముగిసిందని చెప్పాడు. మూడు రోజుల కిందటే ముగిసింది. మొజాంబిక్ నుంచి ఇక్కడి దాకా వచ్చిన లెట్టో అప్పుడు వెనక్కి తగ్గడం లేదు, కసామా పట్టుకుని ముందుకొస్తున్నాడు. నది నెమ్మదిగా, గట్ల నిండా పారుతోంది. ఇద్దరు కుర్రాళ్ళు ఫిరంగి మీద కూచుని ఫోన్‌లో పాటలు వింటున్నారు. ఫొటో తీసుకుంటానంటే దిగబోయారు, వద్దు అలాగే ఉండండన్నాను.

అక్కడి నుంచి సైన్యం మళ్ళీ ఉత్తరానికి నడిచి అబెర్‌కార్న్ చేరింది. ఇప్పుడా ఊరి పేరు మ్బాలా. టాంగానికా సరస్సుకు పైన చల్లటి పీఠభూమి మీద ఉంటుంది. నవంబరు 25న అక్కడ లొంగినవాళ్ళు 155 మంది యూరోపియన్లు, 1,100 మందికి పైగా ఆస్కారీలు, 1,500 మందికి పైగా కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ. ఊరి చివర చీలా అనే చిన్న సరస్సు ఉంది. ఆ రోజు అప్పగించిన తుపాకులు దీంట్లోనే విసిరారని ఊరివాళ్ళు చెబుతారు. ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. లొంగినవాళ్ళను శిబిరాల్లో పెట్టారు, ఇన్‌ఫ్లుయెంజా అక్కడా చాలామందిని తీసుకుపోయింది.

లెట్టో మాత్రం 1919 మార్చిలో బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ ద్వారం కింది నుంచి గుర్రమెక్కి ఊరేగాడు. ఓడిన దేశానికి ఓడని జనరల్ ఒకడు దొరికాడు, ఇక వదుల్తారా? 'హైయా సఫారీ' అని కుర్రాళ్ళ కోసం పుస్తకం రాస్తే విరగబడి కొన్నారు. ఆస్కారీలు జర్మన్ల కోసం ప్రాణాలిచ్చారు, కాబట్టి మా వలస రాజ్యాలు మాకు తిరిగివ్వండి అన్న వాదనకు ఆయన పుస్తకాలే పునాది. ఇప్పటి టాంజానియాలోని టెండగురులో తవ్వి తీసిన ఒక డైనోసార్ జాతికి కూడా ఆయన పేరే పెట్టారు. 1919 జూలైలోనే హాంబర్గ్‌లో కుళ్ళిన మాంసం అమ్మారని జనం తిరగబడితే అణచడానికి సైన్యంతో వెళ్ళాడు. 1920 మార్చిలో ప్రజాస్వామ్య ప్రభుత్వాన్ని కూలదొయ్యడానికి జరిగిన కాప్ కుట్రకు వంత పాడి కొలువు పోగొట్టుకున్నాడు. 1928 నుంచి 1930 దాకా జాతీయవాద పార్టీ తరఫున పార్లమెంటులో ఉన్నాడు. హిట్లర్ లండన్‌లో రాయబారి పదవి ఇస్తానంటే కాదన్నాడని చెబుతారు. ఇంగ్లీషు రచయితలకు ఈ కథంటే మహా ఇష్టం. అదే హిట్లర్ 1939లో ఇచ్చిన గౌరవ జనరల్ హోదాను కాదనలేదని అంత గట్టిగా చెప్పరు. రెండో యుద్ధంలో ఇద్దరు కొడుకులూ పోయారు. యుద్ధం తరవాత పస్తులుంటే పాత శత్రువు స్మట్స్ ఆహారం పొట్లాలు పంపాడంటారు. 1953లో తూర్పు ఆఫ్రికా వచ్చి పాత ఆస్కారీలను చూసి వెళ్ళాడు. 1964 మార్చి 9న హాంబర్గ్‌లో పోయాడు, 94వ పుట్టినరోజుకు పదకొండు రోజుల ముందు.

ఇవాళ జర్మనీలో ఆయన పేరు మీదున్న వీధులూ బ్యారక్‌లూ ఒక్కొక్కటే పేరు మార్చుకుంటున్నాయి. పుట్టిన ఊళ్ళోనూ మార్చేశారు. హానోవర్‌లో ఆయన వీధికి నమీబియా పేరు పెట్టారు. నన్నడిగితే, సైనికుడిగా ఆయన ప్రతిభను కొట్టేయడం దండగ. టాంగా గట్టు మీద నిలబడినవాడెవడూ ఆ పని చెయ్యలేడు. ఓడలేదన్నదీ అక్షరాలా నిజమే. కాకపోతే ఫలితం యూరప్‌లోనే తేలుతుందని తానే నమ్మిన యుద్ధాన్ని, తనది కాని నేల మీద, తనవాళ్ళు కాని మనుషుల అన్నం తిని నాలుగేళ్ళు సాగదీశాడు. దీన్ని వీరత్వం అనడానికి నాకు నోరు రాలేదు. ఎదుటి పక్షం తక్కువ తిందని కాదు.

ఆయన పోయిన ఏడాదే పశ్చిమ జర్మనీ పార్లమెంటు బతికున్న ఆస్కారీలకు పాత జీతం బకాయి చెల్లించాలని తీర్మానించింది. విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజాలో బల్ల వేసి కూచుంటే మూడు వందల పైచిలుకు ముసలివాళ్ళు వచ్చారు. కొద్దిమంది దగ్గరే కాగితాలున్నాయి. మిగతావాళ్ళ చేతికి చీపురు కర్రలిచ్చి జర్మన్‌లో కవాతు ఆజ్ఞలిస్తే ఒక్కడూ తడబడలేదని చెప్పుకుంటారు. అందరికీ డబ్బు ముట్టింది. అది సిపాయిల జీతం. కూలీలకంటూ పద్దు లేదు.

టాంజానియాలో ఇప్పుడు మన తెలుగువాళ్ళు కొందరు ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో ఉన్నారు. సెలవులొస్తే జాంజిబార్, కిలిమంజారో వెళ్ళొస్తుంటారు. ఒకసారి టాంగాకూ వెళ్ళండి. డార్ నుంచి బస్సులో సగం రోజు ప్రయాణం. మన సిపాయిల స్మారకం ఎక్కడని అడిగితే ఊళ్ళో ఎవరో ఒకరు దారి చూపిస్తారు. పిల్లల్ని తీసుకెళ్ళి, ఆ రాళ్ళ మీద మద్రాసు పటాలాల పేర్లు చదివించండి.